లీవు రికార్డు సరిచేయడానికి నాలుగు దారులు: మీ ఆఫీసుకి ఏది సరిపోతుంది?

నెలలో 24, 25 తారీఖులొచ్చాయంటే హెచ్ఆర్ టేబుల్ మీద ఫోన్ ఆగదు. "సోమవారం లీవు పెట్టాను మేడం, ఆబ్సెంట్ చూపిస్తోంది", "నాకు ఆరు ఈఎల్స్ ఉండాలి, నాలుగే ఉన్నాయి", "ఆదివారం వచ్చి పనిచేశా, కాంప్ ఆఫ్ ఎక్కలేదు". (ఈఎల్ అంటే ఎర్న్‌డ్ లీవు, పనిచేసి సంపాదించుకున్న జీతంతో లీవు; కాంప్ ఆఫ్ అంటే సెలవు రోజు పనిచేసినందుకు బదులుగా ఇచ్చే సెలవు.) పేరోల్, అంటే ఆ నెల జీతాల లెక్క, క్లోజ్ అయ్యేలోపు ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో సరిచేయాలి, అక్కడేమో ఒకే పనికి నాలుగు దారులుంటాయి, తొందరలో ఏది ముందు కనపడితే అది నొక్కేస్తాం. నేను పదకొండేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా. నలభై మంది ఉన్న ఆఫీసులో చేశా, మూడొందల మంది ఉన్న ఫ్యాక్టరీలో చేశా, ఇప్పుడు ఒక అమెరికా కంపెనీకి హైదరాబాద్‌లో ఉన్న సెంటర్‌లో చేస్తున్నా. ఏ దారిలో సరిచేశాం అనేది ఆ రోజు ఎవరూ అడగరు. ఆర్నెల్ల తర్వాత ఆ మనిషి రిజైన్ చేసి, లెక్క తేల్చమన్నప్పుడు అడుగుతారు.

మీ దగ్గర ఉన్నది కేకా అయినా, జోహో పీపుల్ అయినా, గ్రేట్‌హెచ్ఆర్, డార్విన్‌బాక్స్ అయినా, పెద్ద కంపెనీల్లో వాడే శాప్, వర్క్‌డే అయినా స్క్రీన్ల పేర్లు మారతాయి గానీ దారులు మాత్రం ఇవే. ఉద్యోగి తనే అప్లై చేసి మేనేజర్ అప్రూవ్ చేయడం, హెచ్ఆర్ లాగిన్‌లోంచి ఒక్కొక్కరిదీ చేత్తో మార్చడం, ఎక్సెల్ ఫైలు అప్‌లోడ్ చేయడం, బయోమెట్రిక్ లేదా ఇంకో సాఫ్ట్‌వేర్ నుంచి ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లని కలిపే లింకు) ద్వారా దానంతట అదే ఎక్కడం.

## ముందు ఏం చూడాలి

ఎంతమందిది మార్చాలి అనేదే అందరూ మొదట చూస్తారు. అది చూడాలి కానీ నా లెక్కలో అది మూడోది. మొదట చూడాల్సింది ఆ తారీఖు ఏ నెలలో పడుతుంది, ఆ నెల పేరోల్ ఇంకా తెరిచే ఉందా, మూసేశారా అని. తెరిచి ఉంటే లీవు ఎంట్రీ పడగానే ఎల్ఓపీ (లాస్ ఆఫ్ పే, అంటే రాని రోజుకి జీతం కోత) దానంతట అదే తగ్గిపోతుంది. మూసేశాక మారిస్తే చాలా సాఫ్ట్‌వేర్లలో లీవు రికార్డు మారుతుంది, జీతం మారదు. వచ్చే నెలలో ఎల్ఓపీ రివర్సల్ అని విడిగా వేయాలి. అది మర్చిపోతే రికార్డులో లీవు ఉన్నట్టే కనపడుతుంది, డబ్బు మాత్రం పోయే ఉంటుంది, ఇలాంటివి పట్టుకోవడం చాలా కష్టం.

రెండోది ఆనవాలు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరు ఒప్పుకున్నారు. ఈ నాలుగూ రికార్డులో ఉండే దారి ఒకటుంటే, కాస్త ఆలస్యమైనా దానికే నా ఓటు. ఆ తర్వాత ఎంతమందిది అనేది, ఆ తర్వాత తప్పు పోతే వెనక్కి తీసుకోవడం ఎంత కష్టం అనేది, చివరిగా ఆ ఉద్యోగికి తన ఫోన్‌లో ఈ మార్పు కనపడుతుందా లేదా అనేది. ఈ చివరిది చాలామంది లెక్కలోకే తీసుకోరు, కానీ తప్పుని అందరికంటే ముందు పట్టుకునేది ఆ లీవు ఎవరిదో వాళ్ళే.

ఇదంతా ఎందుకింత పట్టించుకోవాలంటే లీవు అంటే డబ్బు. 30,000 జీతం ఉన్నాయనకి 31 రోజుల నెలలో ఒక రోజు ఎల్ఓపీ పడితే 967 రూపాయల 74 పైసలు పోతాయి, 26 రోజుల లెక్క కట్టే కంపెనీ అయితే 1,153 రూపాయల 85 పైసలు. పీఎఫ్ రిటర్న్‌లో కూడా జీతం లేని రోజులకి విడిగా ఒక కాలమ్ ఉంటుంది, ఎన్‌సీపీ డేస్ అంటారు, తప్పు అక్కడికీ పోతుంది. ఇక చట్టం సంగతి చూస్తే, ఆంధ్రలో తెలంగాణలో ఆఫీసులకీ షాపులకీ వర్తించే 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ప్రకారం 240 రోజులు పనిచేసినవాళ్ళకి ఏడాదికి 15 రోజులు జీతంతో లీవు, అది 60 రోజుల దాకా పోగవుతుంది, దానికి తోడు 12 సిక్ లీవులు, 12 క్యాజువల్ లీవులు. ఫ్యాక్టరీల్లో 1948 చట్టం కింద 240 రోజులు చేసినవాళ్ళకి 20 రోజులకొకటి చొప్పున వచ్చేది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో ఆ 240 కాస్తా 180 అయింది. అంటే పనిచేసిన రోజుల లెక్క తప్పితే లీవుకి అర్హత కూడా తప్పుతుంది. పైగా కొత్త వేజ్ కోడ్ ప్రకారం మనిషి మానేసిన రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చి ఇచ్చేయాలి, ఇదివరకట్లా నలభై ఐదు రోజులు ఫైళ్ళు తిరగేసుకుంటూ కూర్చునే వీల్లేదు. రికార్డు ఎప్పటికప్పుడు సరిగ్గా ఉండాల్సిందే.

## ఎంట్రీ వేరు, బ్యాలెన్స్ వేరు

నాలుగు దారుల్లోకి వెళ్ళేముందు ఇదొక్కటి తేల్చుకోవాలి, ఎందుకంటే నేను చూసిన తప్పుల్లో సగానికి పైగా ఇక్కడే పుట్టాయి.

ఒకాయనకి 10 ఈఎల్స్ ఉన్నాయి. రెండు రోజులు ఊరెళ్ళాడు, ఫోన్‌లో చెప్పి వెళ్ళాడు, సాఫ్ట్‌వేర్‌లో పెట్టలేదు. నెలాఖర్లో హెచ్ఆర్ చూసి, సర్లే రెండు రోజులు వాడుకున్నాడు కదా అని బ్యాలెన్స్ అడ్జస్ట్‌మెంట్ స్క్రీన్‌లోకి వెళ్ళి 10ని 8 చేసింది. అంకె కరెక్టే. కానీ హాజరులో ఆ రెండు రోజులూ ఆబ్సెంట్ గానే ఉన్నాయి, ఎందుకంటే ఏ రోజు లీవు అనేది ఎక్కడా రాయలేదు. పేరోల్ వచ్చి ఆ రెండు రోజులకీ జీతం కోసేసింది. అంటే ఆయనకి లీవులూ పోయాయి, జీతమూ పోయింది.

శాప్‌లో పనిచేసినవాళ్ళకి ఇది బాగా తెలుస్తుంది, అక్కడ ఆబ్సెన్స్ ఎంట్రీ ఇన్ఫోటైప్ (ఒక రకం డేటా దాచే చోటు) 2001లో ఉంటుంది, కోటా, అంటే రావాల్సిన లీవుల లెక్క, 2006లో ఉంటుంది, కోటాని సరిచేయడానికి విడిగా 2013 ఉంటుంది, మూడూ మూడు చోట్ల పెట్టారంటేనే మూడూ వేరని అర్థం. మన చిన్న సాఫ్ట్‌వేర్లలో అన్నీ ఒకే పేజీలో పక్కపక్కన బటన్లుగా ఉండేసరికి తేడా తెలీదు.

నేను పాటించే పద్ధతి ఇది. మనిషి ఫలానా రోజు రాలేదు అనేది తప్పిపోతే ఎంట్రీ వేయాలి, బ్యాలెన్స్ ముట్టుకోకూడదు, అది దానంతట అదే తగ్గుతుంది. వేయకూడని ఎంట్రీ పడితే దాన్ని క్యాన్సిల్ చేయాలి, బ్యాలెన్స్‌కి రెండు కలిపి సర్దకూడదు. మనిషికి రావాల్సిన లీవులే తప్పుగా వచ్చాయి, పాత సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చిన ఓపెనింగ్ బ్యాలెన్స్ తప్పింది, కాంప్ ఆఫ్ జమ కాలేదు, క్యారీ ఫార్వర్డ్ (మిగిలిన లీవులు వచ్చే ఏడాదికి తీసుకెళ్ళడం) తక్కువ పడింది, ఇలాంటప్పుడు మాత్రమే బ్యాలెన్స్ మార్చాలి.

## ఒక్క చూపులో

| దారి | ఎప్పుడు బాగుంటుంది | ఆనవాలు | తప్పు ఎక్కడ జరుగుతుంది | వెనక్కి తీసుకోవడం |
|---|---|---|---|---|
| ఉద్యోగి అప్లై, మేనేజర్ అప్రూవ్ | రోజువారీ లీవులన్నిటికీ, పేరోల్ తెరిచి ఉన్నప్పుడు | బాగా ఉంటుంది, ఇద్దరి ఒప్పుకోలూ ఉంటుంది | మేనేజర్ అప్రూవ్ చేయకుండా వదిలేయడం | తేలిక, క్యాన్సిల్ పెడితే చాలు |
| హెచ్ఆర్ చేత్తో మార్చడం | ఐదారుగురివి, చిక్కు కేసులు, పాత తారీఖులు | రిమార్క్ రాస్తేనే | లీవు రకం, సగం రోజు, వేరే మనిషి పేరు | ఒక మోస్తరు |
| ఎక్సెల్ అప్‌లోడ్ | ఓపెనింగ్ బ్యాలెన్స్, ఏడాది మార్పు, ఒకేసారి అందరివీ | ఫైలు దాచుకుంటేనే | తారీఖులు, ఉద్యోగి నంబర్లు, రెండుసార్లు ఎక్కడం | చాలా కష్టం |
| ఏపీఐ, బయోమెట్రిక్ | వందల మంది, రోజూ షిఫ్టులు | లాగ్ ఉంటుంది, చదివేవాళ్ళు కావాలి | లింకు ఆగిపోయినా తెలియకపోవడం | సెట్ చేసినవాళ్ళు ఉంటేనే |

## ఉద్యోగి తనే పెట్టుకోవడం

చేతనైనంత వరకు అన్నీ ఈ దారిలోనే పోవాలని నా పట్టుదల. లీవు పెట్టింది ఎవరో, ఒప్పుకుంది ఎవరో రెండూ రికార్డులోనే ఉంటాయి, రేపు గొడవొస్తే మనం మధ్యలో నలగక్కర్లేదు. పాత తారీఖులకి ఎన్ని రోజుల వెనక్కి అప్లై చేయొచ్చో సెట్టింగ్ ఉంటుంది, చాలా ఆఫీసుల్లో ఇది సున్నా పెట్టేస్తారు, అప్పుడు జ్వరమొచ్చి పడుకున్నవాడు లేచొచ్చాక కూడా పెట్టుకోలేడు, అందరూ హెచ్ఆర్ మీద పడతారు. సిక్ లీవుకి కనీసం వారం వెనక్కి తెరిచి ఉంచండి, పేరోల్ కటాఫ్ (ఆ నెల లెక్క మూసే తారీఖు) దాటకుండా చూసుకుంటే చాలు.

ఈ దారికి ఉన్న జబ్బు మేనేజర్లు. పెండింగ్‌లో ఉన్న లీవుని కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆబ్సెంట్ గానే లెక్కేస్తాయి, ఉద్యోగి తన పని తను చేశాడు, మేనేజర్ బటన్ నొక్కలేదు, కోత మాత్రం ఉద్యోగికే. కటాఫ్‌కి మూడు రోజుల ముందు పెండింగ్ లిస్టు తీసి ఒక్కో మేనేజర్‌కీ వాళ్ళ లిస్టు వాళ్ళకి పంపిస్తే చాలావరకు తీరుతుంది. అందరికీ కలిపి ఒకటే మెయిల్ కొడితే ఎవరూ చూడరు.

ఫ్యాక్టరీలో, హాస్పిటల్‌లో, హోటల్లో పనిచేసేవాళ్ళలో చాలామందికి ఆఫీసు మెయిల్ ఉండదు, యాప్ ఇంగ్లీషులో ఉంటుంది. అక్కడ సూపర్‌వైజర్ వాళ్ళ తరఫున పెట్టే ఏర్పాటు చేస్తారు. పర్లేదు, కానీ లీవు ఎక్కినట్టు ఆ మనిషి ఫోన్‌కి మెసేజ్ వెళ్ళేలా తప్పకుండా పెట్టండి, లేదంటే సూపర్‌వైజర్ మాటే రికార్డు అయిపోతుంది.

## హెచ్ఆర్ చేత్తో మార్చడం

ఐదారుగురివి అయితే, కేసు కాస్త చిక్కుగా ఉంటే ఇదే మంచిది. ఎందుకంటే ప్రతి ఎంట్రీ దగ్గర ఆగి ఆలోచిస్తాం, సాఫ్ట్‌వేర్ కూడా అక్కడికక్కడే ఎదురు చెప్తుంది, ఆ రోజు ఆల్రెడీ లీవుందనో బ్యాలెన్స్ చాలదనో. అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మెటర్నిటీ లీవు దగ్గర. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు, అంటే 182 రోజులు, ఇవి క్యాలెండర్ రోజులు, ఆదివారాలూ పండగలూ అన్నీ కలిపే. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఆ లీవు రకాన్ని సీఎల్ (క్యాజువల్ లీవు) లాగా పనిదినాల లెక్కలో సెట్ చేసి ఉంటే, ఐదు రోజుల వారం ఉన్న ఆఫీసులో 182 అని కొడితే అది 36 వారాలు దాటిపోతుంది. తిరిగొచ్చే తారీఖు చూసి నిజమో కాదో లెక్కేసుకోండి, రోజుల సంఖ్య చూసి వదిలేయకండి.

శాండ్‌విచ్ రూలు ఉన్న కంపెనీల్లో ఇంకో సంగతి ఉంది. శుక్రవారం, సోమవారం లీవైతే మధ్యలో శని ఆదివారాలు కూడా లీవే అని రూలుంటే, ఉద్యోగి ఒకే అప్లికేషన్‌గా పెడితే నాలుగు రోజులు పోతాయి, హెచ్ఆర్ విడివిడిగా రెండు ఎంట్రీలు వేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో రెండే పోతాయి. ఒకే రూలు ఇద్దరికి రెండు రకాలుగా పడితే టీమ్‌లో మాటలొస్తాయి, రావడం న్యాయమే కూడా. మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ఒకసారి టెస్ట్ ఉద్యోగి మీద వేసి చూసుకోండి.

ఊరు మారినవాళ్ళ క్యాలెండర్ కూడా చూడాలి. హైదరాబాద్ నుంచి వైజాగ్ బ్రాంచికి వచ్చినాయన లొకేషన్ మార్చకపోతే, బోనాలకి ఆయనకి సెలవని చూపిస్తుంది కానీ అక్కడ ఆఫీసు నడుస్తూనే ఉంటుంది. ఇది ఎంట్రీ మార్చి సరిచేసేది కాదు, లొకేషన్ ఏ తారీఖు నుంచి మారిందో ఆ తారీఖుతో మార్చాలి.

రిమార్క్ ఖాళీగా వదలొద్దు. "సరిచేయబడింది" అని రాస్తే ఏమీ రాయనట్టే. ఎవరు అడిగారు, ఎవరు ఒప్పుకున్నారు, మెయిల్ ఏ తారీఖుది, ఇంత రాయండి. జబ్బు పేరు మాత్రం రాయకండి, ఆ రిమార్క్ మేనేజర్‌కి, అకౌంట్స్‌కి, ఆడిటర్‌కి అందరికీ కనపడుతుంది, మనిషి ఆరోగ్యం అంతమందికి తెలియాల్సిన పనిలేదు.

## ఎక్సెల్ అప్‌లోడ్

దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అందరికీ ఇదే ఇష్టం, అందరినీ ఇదే ముంచుతుంది.

నేను ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు జూన్ నెల లీవులు రిజిస్టర్‌లోంచి ఎక్సెల్‌లోకి కొట్టించి ఒకేసారి ఎక్కించాం. ఫైల్లో తారీఖులు మనం రాసుకున్నట్టే రోజు ముందు నెల తర్వాత, 05/06 అంటే జూన్ 5. కంప్యూటర్ సెట్టింగేమో అమెరికా పద్ధతిలో ఉంది, అది దాన్ని మే 6 అని చదివింది. 13 నుంచి పై తారీఖుల్ని నెలగా చదవలేదు కాబట్టి అవి రిజెక్ట్ అయ్యాయి, మేం ఆ రిజెక్ట్ అయినవి మాత్రం సరిచేసి మళ్ళీ ఎక్కించి, అయిపోయిందనుకున్నాం. మిగతావి చప్పుడు లేకుండా తప్పు నెలల్లోకి పోయాయి. ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ జూన్ 5, 9 తారీఖుల్లో లీవు పెట్టింది, ఒకటి మే 6కి పోయింది, రెండోది సెప్టెంబరు 6కి పోయింది, జూన్‌లో రెండు రోజులు జీతం కోత పడింది. జీతం పడ్డాక నా దగ్గరికొచ్చి "మేడం, నేను చెప్పే కదా వెళ్ళాను" అంది, పిల్లల స్కూలు ఫీజు కట్టాల్సిన నెల అది. తర్వాత నెలలో డబ్బు ఇచ్చాం గానీ ఆ నెల ఆవిడ ఎలా నెట్టుకొచ్చిందో నాకు తెలుసు. అప్పట్నుంచి తారీఖు కాలమ్ చూడకుండా ఏ ఫైలూ ఎక్కించను.

కాబట్టి తారీఖుని అంకెల్లో మాత్రమే రాయకండి, 05-Jun-2025 అన్నట్టు నెల పేరు పెట్టండి, నెల పేరు సాఫ్ట్‌వేర్ ఒప్పుకునే ఇంగ్లీషు మూడక్షరాల్లో ఉండాలి. సాఫ్ట్‌వేర్ టెంప్లేట్ సంవత్సరం ముందు రాయమంటే 2025-06-05 అని రాయండి, ఇందులోనూ గందరగోళం రాదు. ఎక్సెల్‌లో మామూలుగా తారీఖుగా అర్థమైంది సెల్‌లో కుడివైపుకి ఉంటుంది, టెక్స్ట్‌గా మిగిలిపోయింది ఎడమవైపుకి ఉంటుంది. కాలమ్‌లో కొన్ని కుడికి కొన్ని ఎడమకి ఉన్నాయంటే ఆగిపోండి, కుడికి ఉన్నవాటిలో కూడా రోజూ నెలా తారుమారయ్యాయనే అర్థం.

ఉద్యోగి నంబరు ముందు సున్నాలుంటే, 00412 లాగా, సీఎస్వీ ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరిచిన మరుక్షణం అది 412 అయిపోతుంది. సేవ్ చేస్తే సున్నాలు పోయినట్టే. డేటా మెనూలోంచి ఫైలు తెచ్చుకుని ఆ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పాలి. ఇంకా ఘోరమైంది ఒకటుంది, పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టడం. పేర్లు కదులుతాయి, లీవులు కదలవు, ఒకరి లీవు ఇంకొకరికి పోతుంది, ఫైలు చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది.

బ్యాలెన్స్ ఎక్కించేటప్పుడైతే ఒకటే ప్రశ్న, ఈ అప్‌లోడ్ ఉన్నదానికి కలుపుతుందా, ఉన్నదాన్ని తీసేసి కొత్తది పెడుతుందా? ఒకరికి 7 ఉన్నాయి, 9 చేయాలి. కలిపే రకమైతే మీరు 9 అని రాస్తే 16 అవుతుంది. తీసేసి పెట్టే రకమైతే మీరు 2 అని రాస్తే 2 మిగులుతుంది. సాఫ్ట్‌వేర్‌ని బట్టి, ఒక్కోసారి ఒకే సాఫ్ట్‌వేర్‌లో టెంప్లేట్‌ని బట్టి కూడా మారుతుంది. ముగ్గురితో చిన్న ఫైలు చేసి ఎక్కించి వాళ్ళ పేజీలు తెరిచి చూశాకే మిగతాది. ఎక్కించే ముందు అందరి బ్యాలెన్స్ రిపోర్టు దించి పెట్టుకోండి, తప్పు పోతే వెనక్కి రావడానికి మీకున్న ఆధారం అదొక్కటే. నెట్ ఆగి ఎర్రర్ వచ్చిందని రెండోసారి నొక్కకండి, మొదటిదే ఎక్కేసి ఉండొచ్చు, ముందు ఎవరిదో ఒకరిది తెరిచి చూడండి.

ఇన్ని చెప్పినా ఏడాది మారేటప్పుడు, కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారేటప్పుడు ఎక్సెల్ తప్ప గతి లేదు. అప్పుడు వరస మాత్రం తప్పకండి. డిసెంబర్ లీవుల పెండింగ్ అప్రూవల్స్ అన్నీ తేల్చాక, పాత తారీఖు ఎంట్రీలు వేసేశాక, ఆ తర్వాతే క్యారీ ఫార్వర్డ్. ముందే చేసేస్తే జనవరిలో వేసే ప్రతి డిసెంబర్ ఎంట్రీకీ రెండు సంవత్సరాల బ్యాలెన్స్ సరిచేయాలి.

## ఏపీఐ, బయోమెట్రిక్

షిఫ్టులు నడిచే చోట, వందల మంది ఉన్నచోట ఇది లేకుండా కుదరదు. తారీఖు ఎప్పుడూ ఒకే పద్ధతిలో పోతుంది కాబట్టి ఎక్సెల్ బాధలు లేవు. కానీ ఇది హాజరుని తెస్తుంది, కారణాన్ని తేలేదు. వేలిముద్ర పడలేదంటే ఆ మనిషి రాలేదా, మెషిన్ చదవలేదా, కంపెనీ పని మీద బయటికెళ్ళాడా దానికి తెలీదు. వంటింట్లో, సిమెంటు పనిలో, కెమికల్స్‌తో చేసేవాళ్ళ వేళ్ళు అరిగిపోయి మెషిన్ పట్టదు, వాళ్ళకే ఎక్కువ ఆబ్సెంట్లు పడతాయి. పంచ్ లేకపోతే నేరుగా ఎల్ఓపీ పడే సెట్టింగ్ దయచేసి పెట్టకండి, మధ్యలో ఉద్యోగిని అడిగే మెట్టు ఒకటి ఉండాలి.

ఐటీ వాళ్ళతో సెట్ చేయించుకునేటప్పుడు రెండే అడగండి. ఒక సాఫ్ట్‌వేర్ పంపిన లీవుకి రెండోదాని నుంచి జవాబు రాక మళ్ళీ పంపితే అదే లీవు రెండుసార్లు పడుతుందా, ప్రతి లీవుకీ విడి నంబరు పెట్టి ఆపుతున్నారా? లింకు ఆగిపోతే ఎవరికి మెసేజ్ వస్తుంది? రెండోదానికి "మాకొస్తుంది" అంటే మీకు కూడా పెట్టించుకోండి.

## మీరు ఎవరైతే ఏది

నలభై యాభై మంది ఉన్న ఆఫీసులో అకౌంటెంట్‌గారే హెచ్ఆర్ కూడా చూసుకుంటుంటే, మొదటి దారి అందరికీ అలవాటు చేయండి, మిగిలినవి చేత్తో మార్చండి. మీ సంఖ్యకి ఎక్సెల్ అప్‌లోడ్ నేర్చుకుని తప్పులు వెతుక్కునే టైములో చేత్తో అన్నీ అయిపోతాయి. ఏపీఐ గురించి ఎవరైనా అమ్మజూపినా ఇప్పుడే వద్దు.

ఫ్యాక్టరీ, హాస్పిటల్, సెక్యూరిటీ ఏజెన్సీ లాంటివైతే హాజరు బయోమెట్రిక్ నుంచి, లీవులు సూపర్‌వైజర్ ద్వారా, నెలాఖరుకి మిగిలిన తేడాలు హెచ్ఆర్ చేత్తో. రిజిస్టర్‌లోంచి ఎక్సెల్‌కి కొట్టించే అలవాటుంటే నెమ్మదిగా మానిపించండి, ఒకసారి పెన్నుతో ఒకసారి టైపింగ్‌లో రెండుచోట్ల తప్పుకి తావుంటుంది. ఇక్కడ పనిచేసేవాళ్ళలో 21,000 లోపు జీతం ఉన్నవాళ్ళు ఈఎస్ఐలో ఉంటారు, వాళ్ళు ఈఎస్ఐ సర్టిఫికెట్ మీద సెలవులో ఉంటే సిక్‌నెస్ బెనిఫిట్ అక్కడ్నుంచి వస్తుంది, దాన్ని మామూలు ఆబ్సెంట్‌గా వదిలేస్తే తర్వాత ఎవరో వచ్చి చెప్పకుండా మానేశాడని నోటీసు పంపిస్తారు. దానికి విడిగా ఒక లీవు రకం పెట్టుకోండి.

అమెరికా కంపెనీల సెంటర్లలో మనవాళ్ళు చాలామంది అక్కడి ఉద్యోగుల రికార్డులు కూడా ఇక్కడ్నుంచే మారుస్తారు. మీకు తారీఖు గొడవ రెండువైపులా ఉంటుంది, అక్కడి మేనేజర్ మెయిల్లో 06/05 అంటే జూన్ 5. ఎదురడగడానికి మొహమాటపడకండి, నెల పేరు రాయించుకోండి. అక్కడ సీఎల్, ఎస్ఎల్ (సిక్ లీవు) అని విడివిడిగా కాకుండా చాలా కంపెనీల్లో పీటీఓ (జీతంతో సెలవు) అని అన్నీ ఒకే ఖాతా, రూళ్ళు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. కాలిఫోర్నియాలో సంపాదించుకున్న వెకేషన్ జీతంతో సమానం, ఏడాది చివర్లో లాప్స్, అంటే రద్దు, చేయడానికి లేదు. మన దగ్గర చేసినట్టు డిసెంబర్ 31కి అందరికీ ఒకే లాప్స్ ఫైలు ఎక్కించారంటే వాళ్ళ విషయంలో అది చట్టం తప్పడమే. లొకేషన్ కాలమ్ మీద ఫిల్టర్ పెట్టకుండా ఆ ఫైలు ముట్టుకోకండి.

మేనేజర్లకి చెప్పేది ఒక్కటే, వాట్సాప్‌లో "ఓకే" అన్న లీవుని అదే పూట సాఫ్ట్‌వేర్‌లో కూడా పెట్టించి అప్రూవ్ చేసేయండి.

ఇక హెచ్ఆర్ కాదు, మామూలు ఉద్యోగి అయితే, తప్పు కనపడగానే బ్యాలెన్స్ సరిచేయండి అని అడగకండి, ఫలానా తారీఖు ఎంట్రీ సరిచేయండి అని అడగండి, తారీఖు, లీవు రకం, అప్రూవ్ చేసినవాళ్ళ పేరు మూడూ ఒకే మెయిల్లో రాయండి. జీతం కోత పడి ఉంటే రివర్సల్ ఏ నెల జీతంలో వస్తుందో కూడా అందులోనే అడగండి. డిసెంబర్ చివరి వారంలో, మీ కంపెనీ ఏడాది మార్చితో ముగిస్తే మార్చి చివరి వారంలో, మీ లీవుల పేజీ మొత్తం దించి మీ సొంత మెయిల్‌కి పంపుకోండి. ఉద్యోగం మానేశాక ఆ లాగిన్ ఆగిపోతుంది, ఈఎల్స్‌కి రావాల్సిన డబ్బు లెక్క అడగడానికి అప్పుడు మీ చేతిలో ఉండేది ఆ కాగితమే.